ప్యానెళ్లకు పాతికేళ్ల గ్యారంటీ సరే, బోల్టుల మాటేమిటి?

ఎడిటర్ గారికి నమస్కారాలు.

ఇంటి మీద సోలార్ గురించి మీ పత్రికలో ఈ మధ్య తరచుగా చదువుతున్నాను. సబ్సిడీ ఎంత వస్తుంది, బ్యాంకు లోను ఎలా పెట్టుకోవాలి, నెలకు బిల్లు ఎంత తగ్గుతుంది, ఈ లెక్కలన్నీ బాగానే వివరిస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలైంది. 3 కిలోవాట్ల సోలార్ యూనిట్‌కు కేంద్రం 78,000 రూపాయల దాకా ఇస్తుండడంతో మా కాకినాడలో కూడా డాబాల మీద ప్యానెళ్లు కనబడడం మామూలైపోయింది. నేను కరెంటు లైన్ల మీద పనిచేసి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ణి. ఎవరింటి మీద కరెంటు పుట్టినా నాకు సంతోషమే. అయితే ఈ లెక్కలన్నిటిలో ఎక్కడా కనబడని విషయం ఒకటుంది. డాబా ఎక్కి చూస్తే తప్ప అది తెలియదు. వేర్వేరు లోహాలు కలిసే బోల్టుల దగ్గర, ఎర్త్ జాయింట్ల దగ్గర లోహం తినేసిపోవడం. దాని గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా, దయచేసి కత్తిరించకుండా వేయండి.

ఇంటి మీద పెట్టే సోలార్ యూనిట్ ఒక్క లోహంతో చేసింది కాదు. ప్యానెల్ చుట్టూ ఉండే ఫ్రేము అల్యూమినియం. దాన్ని మోసే స్టాండు జింకు పూత వేసిన ఇనుము, అంటే మనం జీఐ అనేది. బోల్టు స్టెయిన్‌లెస్ స్టీలు కావచ్చు, పైకి మెరిసే పూత వేసిన మామూలు ఇనుపదీ కావచ్చు. పిడుగు పడినా, ఎక్కడైనా లీకేజీ వచ్చినా ఆ కరెంటును భూమిలోకి పంపాల్సిన ఎర్త్ వైరు రాగి. ఇవన్నీ ఎండకు ఎండి, మంచుకు తడిసి, ఉప్పు గాలి తగులుతూ పాతికేళ్లు ఒకదాన్నొకటి అంటుకుని ఉండాలి. ప్యానెల్ కంపెనీ మామూలుగా ఇచ్చే పాతికేళ్ల గ్యారంటీ ప్యానెల్ తయారుచేసే కరెంటుకు మాత్రమే. ప్యానెల్‌ను పట్టి నిలిపే బోల్టుకు, ఎర్త్ జాయింటుకు ఆ గ్యారంటీ వర్తించదు.

రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉండి, ఆ తగిలిన చోట కాస్త తడి చేరితే చాలు, అక్కడ కరెంటు పుడుతుంది. 1800లో వోల్టా ప్రపంచానికి చూపించిన మొదటి బ్యాటరీ ఇదే. జింకు బిళ్ల, రాగి బిళ్ల, మధ్యలో ఉప్పునీళ్లతో తడిపిన గుడ్డ. మన డాబా మీద ఆ సరంజామా అంతా సిద్ధంగా ఉంది. తడి తెల్లవారుజామున కురిసే మంచు ఇస్తుంది, ఉప్పు సముద్రం మీది గాలి తెస్తుంది. అలా కరెంటు పుట్టినప్పుడు రెండు లోహాల్లో ఒకటి కరిగిపోతూ ఉంటుంది, రెండోది క్షేమంగా ఉంటుంది. ఏది కరుగుతుందో, ఏది నిలుస్తుందో దానికొక వరస ఉంది. ఉప్పునీటిలో అన్నిటికంటే ముందు కరిగేది మెగ్నీషియం, తర్వాత జింకు, అల్యూమినియం, ఇనుము, తగరం, ఇత్తడి, రాగి, ఆ తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు, వెండి, బంగారం. వరసలో ఎంత ఎడం ఉంటే తినివేత అంత ఎక్కువ. అల్యూమినియానికీ రాగికీ మధ్య చాలా ఎడం ఉంది. ఆ రెంటినీ తీసుకెళ్లి ఒకే బోల్టు కింద బిగిస్తున్నారు.

మామూలుగా అల్యూమినియం తన మీద తానే ఒక పలచని పొర కట్టుకుంటుంది. అందుకే అది గాలిలో ఊరికే తుప్పు పట్టదు. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను పొడుస్తుంది. పొర తెగిన చోట పక్కనే రాగి ఉంటే ఇక ఆగదు.

లైన్ల మీద పనిచేసేవాళ్లకు ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకునే సంగతి కాదు. స్తంభం మీద తీగ అల్యూమినియం. ఇంట్లో మీటరు దగ్గరికీ, పొలంలో స్టార్టరు దగ్గరికీ వెళ్లేది రాగి. తెలియనివాళ్లు ఆ రెంటినీ మెలేసి టేపు చుట్టేస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఆ తర్వాత "లైటు మినుకుమినుకుమంటోందండి, ఫ్యాను ఒకసారి తిరుగుతుంది ఒకసారి ఆగుతుంది" అని ఫిర్యాదు వస్తుంది. నిచ్చెన వేసి టేపు విప్పితే లోపల తెల్లటి పొడి. ఆ పొడి కరెంటును పోనివ్వదు. పోనివ్వకపోతే జాయింటు వేడెక్కుతుంది, వేడికి వదులవుతుంది, వదులైన కొద్దీ నిప్పురవ్వలు లేస్తాయి. చివరికి నల్లగా మాడి తెగి పడుతుంది. అందుకే రాగినీ అల్యూమినియాన్నీ నేరుగా కలపొద్దని లైన్‌మన్ పనిలో చేరిన కొత్తలోనే చెబుతారు. వైరు చివరకు తొడిగి నొక్కే బైమెటల్ లగ్గు, బైమెటల్ క్లాంపు వచ్చింది ఇందుకే. ఒక చివర రాగి, ఇంకో చివర అల్యూమినియం. ఆ రెండూ కలిసే చోట తడి దూరకుండా ఫ్యాక్టరీలోనే అతికించి ఇస్తారు. రాగి వైరు రాగి వైపు, అల్యూమినియం తీగ అల్యూమినియం వైపు వెళ్తాయి. పైన గ్రీజు లాంటి పేస్టు రాస్తాం. పని అయిపోతుంది.

లైన్ల మీద మేం పాటించే ఇంకో పద్ధతి కూడా ఇక్కడ చెప్పాలి. అల్యూమినియం పైన ఉండాలి, రాగి కింద ఉండాలి. వాన పడినప్పుడు రాగి మీద నుంచి కారే నీళ్లలో కంటికి కనబడనంత రాగి కలిసి ఉంటుంది. ఆ నీళ్లు కింద ఉన్న అల్యూమినియం మీదో జీఐ మీదో పడితే, రెండూ ఎక్కడా తగలకపోయినా సరే, పడిన చోటల్లా రాగి పేరుకుని గుంటలు పడతాయి. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. డాబా మీద స్టాండు కాళ్ల పక్కనుంచి పిడుగు కడ్డీ రాగి పట్టీని దించినచోట, పట్టీ కింద జీఐ మీద చారలు చారలుగా జింకు పోయి ఎర్రబడి ఉంటే ఒకసారి గమనించండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా వీధి చివర ఒక రిటైర్డ్ టీచరమ్మ గారున్నారు. ఆవిడ ఒకరోజు ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, ప్యానెళ్లు కడుగుతుంటే చెయ్యి చురుక్కుమంటోందండి, పనిమనిషి ఇక నేను కడగనంటోంది" అన్నారు. వెళ్లి చూశాను. యూనిట్ పెట్టి ఎన్నో ఏళ్లు కాలేదు. కరెంటు బాగానే తయారవుతోంది, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ మీద ఏ తప్పూ చూపించడం లేదు. ఫ్రేము అంచుకు ఉన్న రంధ్రంలో ఒక బోల్టు, దాని కింద ఆకుపచ్చ తొడుగున్న రాగి వైరు. వైరు చివర తొడుగు ఒలిచి, లగ్గు కూడా లేకుండా ఉంగరంలా వంచి బోల్టు తల కింద నొక్కేశారు. పైకి చూస్తే ఏ లోటూ లేదు. సర్వీసుకు వచ్చిన కుర్రాడు కూడా వైరు పట్టుకుని లాగి చూశాడు. "వైరు గట్టిగానే ఉంది కదా బాబాయ్" అన్నాడు. మల్టీమీటర్ ఒక కొన ఫ్రేముకు, ఇంకో కొన ఎర్త్ వైరుకు పెట్టాం. బీప్ రాలేదు, అంటే మధ్యలో కరెంటుకు దారి లేదు.

స్పానర్ వేసి విప్పితే బోల్టు మొదట తిరగలేదు. కిరోసిన్ పోసి, కాసేపాగి, మెల్లగా కదిపితే వచ్చింది. వాషర్ కింద తెల్లటి పొడి గట్టిపడి, పెచ్చులా ఊడింది. రాగి ఉంగరం అంచుల్లో చిలుము పట్టి ఉంది కానీ, రాగి మాత్రం చెక్కుచెదరలేదు. నష్టమంతా ఫ్రేముకే. రాగి నొక్కుకున్నంత మేర అల్యూమినియం గరుకుగా గుంటలు గుంటలుగా తినేసి ఉంది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం ఒక పక్కకు సాగింది. గోరుతో గీకితే పొడి రాలుతోంది. ఆ కుర్రాడు అదంతా అరచేతిలో పోసుకుని చూసి, "ఇది మాకెవరూ చెప్పలేదు బాబాయ్" అన్నాడు. అతని మాట నేను నమ్ముతాను. చెప్పాల్సినవాళ్లు చెప్పి ఉండరు.

ఇందులో ప్రమాదం ఎక్కడుందో గమనించండి. వైరు ఉంది, బోల్టు ఉంది, ఎర్త్ గొయ్యి ఉంది, కాగితం మీద అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ ఫ్రేముకూ భూమికీ సంబంధం తెగిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇన్వర్టర్లలో ఫ్రేములోకి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. ఎర్త్ బాగుంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే తడి చేత్తో ముట్టుకున్న మనిషిలోంచి పోతుంది. అప్పుడు చెయ్యి చురుక్కుమనడంతో సరిపోయింది. అదే ప్యానెల్ లోపల వైరు తొడుగు చిరిగి ఫ్రేముకు తగిలి ఉంటే ఏమయ్యేదో నేను రాయక్కర్లేదు. మీ పత్రికలో జిల్లా పేజీల్లో అలాంటి వార్తలు వస్తూనే ఉంటాయి.

ఇక బోల్టులు. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చాలామందికి తెలియదు. కరిగే లోహం పెద్దదిగా, నిలిచే లోహం చిన్నదిగా ఉంటే నష్టం పెద్ద విస్తీర్ణంలో పలచగా పంచుకుపోతుంది, అంతగా తెలియదు. అదే తిరగబడితే, అంటే కరిగేది చిన్న బోల్టు, నిలిచేది పెద్ద రేకు అయితే, మొత్తం నష్టం ఆ చిన్న బోల్టు మీదే పడి అది చూస్తుండగానే పోతుంది. అందుకే పెద్ద అల్యూమినియం ఫ్రేముకు చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తే పరవాలేదు. రాగి రేకుకు ఇనుప మేకు కొడితే మాత్రం మేకు మిగలదు.

ఇదేం ఇప్పుడు కనిపెట్టిన సంగతి కూడా కాదు. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే ఓడ అడుగుకు నాచు, పురుగు పట్టకుండా రాగి రేకులు తొడిగింది. అది సముద్రాలు తిరిగి వచ్చాక 1763లో చూస్తే రాగిని తాకిన ఇనుప మేకులు బాగా తినేసి ఉన్నాయి. కొన్ని మేకులు మాత్రం బాగున్నాయి. ఎందుకని చూస్తే, రాగి రేకులు చుట్టి తెచ్చిన గోధుమరంగు కాగితం ఆ మేకుల దగ్గర ఊడకుండా మధ్యలో మిగిలిపోయింది. రెండు లోహాల మధ్య ఒక కాగితం పొర, అంతే తేడా. 1886లో నిలబెట్టిన అమెరికా స్వేచ్ఛా విగ్రహం కట్టినవాళ్లకు ఇది తెలుసు. రాగి తొడుగుకూ లోపలి ఇనుప పట్టీలకూ మధ్య లక్క పూసిన ఆస్‌బెస్టాస్ పెట్టారు. అది సముద్రం ఒడ్డున ఏళ్ల తరబడి తడిసి పాడైంది. ఇనుప పట్టీలు తుప్పుతో ఉబ్బి రాగిని పట్టుకున్న రివిట్లను పీకేశాయి. 1986కల్లా ఆ ఇనుప పట్టీలు తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేసి, మధ్యలో టెఫ్లాన్ పెట్టారు. ఆ విగ్రహం నిలబడ్డదీ ఉప్పు గాలిలోనే, మా ఉప్పాడ రోడ్డులో డాబాలు ఉన్నదీ ఉప్పు గాలిలోనే.

పూతల విషయంలో జనం ఎక్కువగా మోసపోతున్నారు. అందుకని దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఇనుము మీద వేసే పూతలు రెండు రకాలు. జింకు ఒక రకం. అది వరసలో ఇనుముకంటే ముందుంది కాబట్టి గీత పడినా, కాస్త ఊడినా ముందు తనే కరిగి ఇనుమును కాపాడుతుంది. జీఐ బకెట్టుకు గీత పడితే అక్కడ వెంటనే ఎర్రబడకపోవడానికి కారణం ఇదే. తగరం, నికెల్, క్రోమియం రెండో రకం. ఇవి వరసలో ఇనుము తర్వాత వస్తాయి. పూత నిండుగా ఉన్నంతసేపే రక్షణ. సూది మొనంత కన్నం పడినా అక్కడ ఇనుమే కరుగుతుంది, అదీ మామూలుకంటే వేగంగా. అద్దంలా మెరిసే క్రోమ్ బోల్టు మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు లేచి, కొన్నాళ్లకు తల విరిగి చేతికొస్తుంది. పైన పటారం లోన లొటారం అని పెద్దలన్నది ఇలాంటి వాటికి అచ్చంగా సరిపోతుంది. ఆరుబయట మోసే బోల్టుకు మెరుపు చూసి మార్కులు వేయకండి.

జింకు పూతలోనూ రెండు తరహాలున్నాయి. కరిగిన జింకు తొట్టిలో ఇనుమును ముంచి తీసేది హాట్ డిప్. పని మొత్తం పూర్తయ్యాక, కోతలూ రంధ్రాలూ అయిపోయాక ముంచుతారు. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 4759 ప్రకారం 5 మిల్లీమీటర్లు, అంతకు మించిన మందం ఉన్న ఇనుముకు చదరపు మీటరుకు సగటున 610 గ్రాముల జింకు ఉండాలి. అంటే దాదాపు 85 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సోలార్ స్టాండులకు మామూలుగా అడిగే 80 మైక్రాన్ల లెక్క దీనికి దగ్గరగానే ఉంటుంది. రెండోది ముందే పూత వేసిన రేకుతో చేసిన గొట్టం. మార్కెట్లో జీపీ పైపు అంటారు. దాని మీద 120 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 120 గ్రాములు అని ఉంటే అది రెండు పక్కలా కలిపి. ఒక పక్కకు వచ్చేది 60 గ్రాములు, అంటే 8, 9 మైక్రాన్లు. చూడ్డానికి రెండూ వెండిరంగులోనే ఉంటాయి. ఇంకా చెప్పాలంటే జీపీ పైపే నునుపుగా, అందంగా ఉంటుంది. కొటేషన్లో మాత్రం రెండింటికీ "జీఐ స్ట్రక్చర్" అనే రాస్తారు.

ఈ తేడా ఎంతలో బయటపడుతుంది? లోహాల తినివేత మీద ఉన్న అంతర్జాతీయ ప్రమాణంలో ఒక పట్టిక ఉంది. ఉప్పు గాలి ఒక మోస్తరుగా తగిలే తీరంలో జింకు ఏడాదికి 2 నుంచి 4 మైక్రాన్లు పోతుంది, ఉప్పు గాలి బాగా తగిలే చోట 4 నుంచి 8 దాకా పోతుంది. లెక్క మీరే వేసుకోండి. 80 మైక్రాన్ల స్టాండు మంచి చోట ఇరవై ఏళ్లు దాటి నిలబడుతుంది. 8 మైక్రాన్ల గొట్టం నాలుగేళ్లు నిలబడితే గొప్ప. మరీ తీరం అంచునైతే ఏడాది రెండేళ్లే. యూనిట్ బిగించిన వెండర్ ఉచితంగా చూసుకోవాల్సిన 5 ఏళ్ల గడువు లోపలే ఎర్రబడితే అడగొచ్చు. ఆ తర్వాత అడిగే నాథుడు ఉండడు.

బోల్టులదీ అదే కథ. షాపులో దొరికే తెల్లగానో పసుపుగానో మెరిసే బోల్టులకు కరెంటుతో వేసే జింకు పూత 5 నుంచి 8 మైక్రాన్లే ఉంటుంది. ఆ పసుపురంగు జింకు మీద వేసే క్రోమేటు పొర. ఫ్యాను హుక్కుకో కిటికీకో అయితే అది చాలు, తీరంలో డాబా మీద చాలదు. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు వేయాలి. స్టెయిన్‌లెస్‌లో కూడా 304 అనే రకం కంటే 316 అనే రకం మంచిది. అందులో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి ఉప్పుకు ఎక్కువ తట్టుకుంటుంది. నిజమో కాదో చూడాలంటే ఫ్రిజ్ మీది అయస్కాంతం పట్టుకుని పైకి వెళ్లండి. ఇనుప బోల్టుకు అది టక్కున అతుక్కుంటుంది. ఈ రకం స్టెయిన్‌లెస్‌కు అతుక్కోదు, లేదా చాలా పేలవంగా పట్టుకుంటుంది. 304కూ 316కూ తేడా మాత్రం అయస్కాంతంతో తేలదు, దానికి బిల్లు మీద రాయించుకోవాల్సిందే.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది సిల్వర్ పెయింటు. స్టాండు కాళ్లు డాబా మీదకు తెచ్చాక పొడవు ఎక్కువైందని కట్టర్‌తో కోస్తారు. రంధ్రం సరిపోలేదని మళ్లీ డ్రిల్ వేస్తారు. కొన్నిచోట్ల వెల్డింగ్ కూడా చేసేస్తారు. కోసినచోట ఉత్త ఇనుము బయటపడుతుంది, వెల్డింగ్ చేసినచోట చుట్టూ జింకు మాడిపోతుంది. ఆ గాయాలన్నిటి మీద డబ్బాలోంచి వెండిరంగు పెయింటు పూసేసి చేతులు దులుపుకుంటారు. ఆ సాయంత్రం ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ పెయింటులో ఉండేది అల్యూమినియం పొడి, అది రంగు మాత్రమే. అక్కడ వేయాల్సింది జింక్ రిచ్ పెయింటు. ఆరిన పొరలో అత్యధిక భాగం జింకే ఉండి, ఇనుముకు తగిలి, దాన్ని నిజంగా కాపాడుతుంది. వైర్ బ్రష్‌తో రుద్ది, దుమ్ము తుడిచి, రెండుసార్లు పూయాలి. ఒక ఇంటికి చిన్న డబ్బా సరిపోతుంది. మొత్తం యూనిట్ ఖర్చు ముందు ఇది లెక్కలోకి రాదు.

మా కాకినాడ హార్బర్లో బోటు వాళ్లను అడిగితే ఈ విషయం క్షణంలో చెబుతారు. ఇనుప బోటుకు అడుగున ఉండే పంకా కంచుది. రెండూ సముద్రం నీళ్లలో ఉంటే ఇనుప అడుగు తినేస్తుందని వాళ్లకు తెలుసు. అందుకే పంకా దగ్గర, చుక్కాని దగ్గర జింకు దిమ్మలు బిగిస్తారు. ఆ దిమ్మ కరుగుతుంది, బోటు బతుకుతుంది. బోటు ఒడ్డుకెక్కినప్పుడల్లా ముందు దాన్నే చూస్తారు, అరిగిపోతే మారుస్తారు. 1824లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త ఓడల రాగి రేకులను కాపాడడానికి జింకు, ఇనుము ముక్కలు కలిపి చూసిన దగ్గర నుంచి వస్తున్న పద్ధతి ఇది. మా ఏటిమొగ మత్స్యకార పేటలో చదువు లేని మనిషి పాటించే జాగ్రత్తను, ఇంజనీర్లు సంతకాలు పెట్టే యూనిట్లో వదిలేయడం నాకు బాధగా ఉంది.

మాకు సముద్రం లేదు కదా అని హైదరాబాద్, వరంగల్ పాఠకులు ఈ పేజీ తిప్పేయొద్దు. మీకు ఉప్పు గాలి లేకపోవచ్చు. బోరు నీళ్లలో ఉప్పు ఉంటే, వారం వారం ప్యానెళ్లు ఆ నీళ్లతోనే కడిగితే, ఫ్రేము మీద ఆరిపోయిన తెల్లటి మరకల్లో ఉన్నది అదే ఉప్పు. పటాన్‌చెరు లాంటి పారిశ్రామిక ప్రాంతాల పొగ కూడా మంచులో కలిసి లోహాల మీదే పడుతుంది. మీ దగ్గర నెమ్మదిగా జరుగుతుంది, అంతే.

దీనికి మందు లేదా అంటే, ఉంది. ఖరీదైనదీ కాదు. రాగి వైరు చివరకు తగరం పూత వేసిన లగ్గు నొక్కాలి. ఇత్తడి గిన్నెలకు మనం వేయించే కళాయి ఇదే తగరం. వరసలో ఇది రాగికీ అల్యూమినియానికీ మధ్యన ఉంటుంది కాబట్టి ఎడం తగ్గుతుంది. వైరే తగరం పూసింది దొరికితే ఇంకా మంచిది. లగ్గుకూ ఫ్రేముకూ మధ్య పళ్లున్న స్టెయిన్‌లెస్ వాషర్ పడాలి. ఫ్రేము మీద ఫ్యాక్టరీలోనే కట్టించే గట్టి పొర, అంటే యానోడైజింగ్, కరెంటును పోనివ్వదు కాబట్టి ఆ పళ్లు దాన్ని చీల్చుకుని లోపలి లోహాన్ని పట్టుకుంటాయి. బిగించాక జాయింటు మీద తడి దూరకుండా పేస్టు పట్టించాలి. స్టాండు నుంచి కిందికి దిగే ఎర్తుకు రాగే కావాలని పట్టుపట్టకుండా జీఐ పట్టీ వేసుకున్నా తప్పు లేదు, సైజు సరిగ్గా ఉంటే చాలు. టీచరమ్మ గారి డాబా మీద మేం చేసింది ఇదే. తినేసిన రంధ్రం వదిలేసి ఫ్రేముకు ఉన్న ఇంకో ఎర్త్ రంధ్రం వాడాం. మల్టీమీటర్ బీప్ వచ్చింది. ఆ కుర్రాడు ఫొటోలు తీసుకుని తన తోటివాళ్లకు పంపాడు.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఇంటి నుంచి లైన్లోకి వెళ్లే కరెంటును కూడా లెక్కగట్టే నెట్ మీటరు బిగించే ముందు ఎలాగూ మనిషి వచ్చి చూస్తున్నాడు. ఆ తనిఖీ కాగితంలో నాలుగు గడులు చేర్చండి. స్టాండు మీద జింకు మందం ఎన్ని మైక్రాన్లు అన్నది పూత మందం కొలిచే మీటరు పెట్టి కొలిచి రాయాలి. ఆ మీటరు చేతిలో ఇమిడిపోతుంది, ఒక్కో చోట కొలవడానికి క్షణాలు చాలు. బోల్టు ఏ లోహం అన్నది రాయాలి. రాగి నేరుగా అల్యూమినియం మీదో జీఐ మీదో ఉందా లేదా అన్నది రాయాలి. ప్రతి ఫ్రేముకూ ఎర్తుకూ మధ్య కరెంటు దారి ఉందా అన్నది మీటరుతో చూసి రాయాలి. తీరం జిల్లాల్లో ఈ నాలుగూ నిండకుండా సబ్సిడీ విడుదల చేయొద్దు. ప్రజల డబ్బు 78,000 ఇచ్చి, నాలుగేళ్లలో ఎర్రబడే గొట్టాలు కొనిపించడం న్యాయం కాదు.

తినివేత మీద పనిచేసే జాతీయ పరిశోధన సంస్థ మనకు పక్క రాష్ట్రంలోనే, తమిళనాడులోని కారైకుడిలో ఉంది. 1953 నుంచి నడుస్తున్న కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ అది. మన దేశంలో ఏ ప్రాంతంలో తినివేత ఎంత అన్న పటం కూడా వాళ్లు తయారుచేశారు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన తీరంలో సోలార్ పెట్టేవాళ్లకు ఏ పూత, ఏ బోల్టు సరిపోతాయో వాళ్లతో ఒక చిన్న పుస్తకం రాయించి, తెలుగులో అచ్చు వేసి, ఐటీఐ కుర్రాళ్లకూ వెండర్ల ఫిట్టర్లకూ పంచితే ఎంత మేలు! పని నేర్చుకోవాలనే ఆశ ఆ కుర్రాళ్లలో ఉంది, నేను కళ్లారా చూశాను.

ఇప్పటికే యూనిట్ పెట్టించుకున్నవాళ్లు వానలు మొదలయ్యే లోపు ఒకసారి డాబా ఎక్కండి. చెప్పులు వేసుకుని, ఒళ్లూ చేతులూ పొడిగా ఉండగా, ఏదీ ముట్టుకోకుండా కళ్లతోనే చూడండి. ఎర్త్ వైరు బోల్టు చుట్టూ తెల్లటి పొడి ఉందా, బోల్టు తల మీద ఎర్ర చుక్కలున్నాయా, కోసిన చివర్ల దగ్గర పెయింటు కింద నుంచి తుప్పు కారుతోందా? వీటిలో ఏది కనబడినా ఫొటో తీసి వెండర్‌కు రాతపూర్వకంగా పంపండి. ఫోన్లో చెబితే రికార్డు ఉండదు. విప్పడం, బిగించడం మాత్రం మీరు చేయొద్దు. ఇన్వర్టర్ ఆపినా, ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్లలో కరెంటు ఉంటుంది.

కొత్తగా పెట్టించుకునేవాళ్లు కొటేషన్ మీద సంతకం చేసే ముందు "జీఐ స్ట్రక్చర్" అన్న మాట కొట్టేయించి, "హాట్ డిప్, 80 మైక్రాన్లు, స్టెయిన్‌లెస్ 316 బోల్టులు, టిన్ పూత లగ్గులు" అని రాయించుకోండి. ఒప్పుకోకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

ఇట్లు,
రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్,
జగన్నాథపురం, కాకినాడ.